పాత ఇంజన్‌కు కొత్త రింగులు

భద్రాచలం వైపు గోదావరి ఒడ్డున మిరప చేలకు నీరు తోడే ఆయిల్ ఇంజన్లను మీరు చూసే ఉంటారు. చేను పూతమీద ఉండగా ఇంజన్ పొగలు కక్కి, బలం తగ్గిందనుకోండి. పిస్టన్ రింగులు మార్చాలి. కొట్టుకెళ్లి “5 హెచ్.పి. ఇంజన్ రింగులు” అంటే చాలదు. హెచ్.పి. ఒకటే అయినా సిలిండరు వ్యాసాలు వేరు కావచ్చు. ఇంజన్‌పై రేకులో ఉన్న మోడల్, నంబరు రాసుకుని వెళ్లాలి.

అసలు చిక్కు మరొకటుంది. అరిగిన 80 మి.మీ. సిలిండరును ఒక్కోసారి తొలిచి 80.5 మి.మీ. చేస్తారు. అప్పుడు పిస్టను, రింగులు కూడా 0.50 ఓవర్‌సైజువే కావాలి. రేకు ఈ సంగతి చెప్పదు! పాత పిస్టన్ తలపై మసి తుడిచి చూడండి. సాధారణంగా ఆ అంకె అక్కడ ఉంటుంది. సిలిండరును లోపల కొలిస్తే మరీ మంచిది.

రింగు కొసల మధ్య సందు ఎందుకు? 80 మి.మీ. రింగు చుట్టుకొలత సుమారు 251 మి.మీ. పోత ఇనుప రింగు 100 సెంటీగ్రేడు డిగ్రీలు వేడెక్కితే దాదాపు 0.28 మి.మీ. సాగుతుంది. సందు లేకుంటే కొసలు ఢీకొని రింగు విరుగుతుంది, సిలిండరును గీస్తుంది. అందుకే మంచి మెకానిక్ రింగును ముందు ఒంటిగా సిలిండరులో పెట్టి, ఫీలర్ గేజితో సందు చూస్తాడు. తక్కువైతే ఆకురాయితో రుద్దుతాడు. ఎక్కువైతే ఆ రింగు తిరిగి కొట్టుకే!