సైకిలు గొలుసునకు చమురు

గొలుసు కిఱ్ఱుమన్నంతనే వంటనూనె తెచ్చి పైన పోయుట మనలో పరిపాటి. చప్పుడు అప్పటికి అణగును గాని, ఆ నూనె రానురాను జిగురై దుమ్మును పట్టును. ఇసుక కలిసిన నూనె గొలుసును ఆకురాయివలె అరగదీయును.

1880లో మాంచెస్టరు నగరమున హాన్స్ రెనాల్డు కల్పించిన గొలుసే నేటి సైకిలు గొలుసునకు మూలము. దానియందు రాపిడి యంతయు లోపలి చీలల చుట్టునే జరుగును. పైరేకులకు పూసిన చమురు వ్యర్థము.

కావున ముందుగా కిరసనాయిలు తడిపిన గుడ్డతో గొలుసును తుడిచి, పాత పళ్లకుంచెతో సందులలోని మడ్డిని తీసి, బాగుగా ఆరనీయవలెను. (దీపము దాపున ఈ పని కూడదు.) పిదప కుట్టుమిషను నూనెను కీలునకొక బొట్టు చొప్పున వేసి, పెడలును వెనుకకు త్రిప్పుచుండవలెను. కొంతసేపటికి పైచమురును పొడిగుడ్డతో పూర్తిగా తుడిచివేయవలెను. మనలో పెక్కుమంది మఱచునది ఈ కడపటి పనినే. వానకాలమున పలుచని నూనె నిలువదు. అప్పుడు మోటారు ఇంజను నూనె మేలని మా అభిప్రాయము.

చీలకును చీలకును నడుమ దూరము అరయంగుళము. కావున క్రొత్త గొలుసున 24 ఎడములు సరిగా 12 అంగుళములగును. ఆ కొలత అంగుళములో ఎనిమిదవ వంతు పెరిగినచో గొలుసును మార్చవలసినదే. జాగు చేసినచో పండ్లచక్రములు కూడ అరిగిపోయి, వానిని సైతము కొనవలసివచ్చును.