గడిలో కనిపించేది, గడిలో ఉన్నది

చి. అమ్మలుకు మావయ్య ఆశీస్సులు.

రైస్ మిల్లు ఆఫీసులో చేరావని అక్కయ్య ఫోన్‌లో చెప్పింది. చాలా సంతోషం. ఎక్సెల్ తెరిస్తే ఎక్కడ మొదలుపెట్టాలో తోచడం లేదనీ, మంచి వీడియో ఏదైనా ఉంటే చెప్పమనీ అడిగావు. వీడియోలు తర్వాత చూద్దువుగాని, ముందు ఆ తెరను చదవడం నేర్చుకో.

పైన రిబ్బన్‌లో బారులు తీరిన బొత్తాల్ని చూసి బెంబేలెత్తకు. అందులో రోజూ పనికొచ్చేవి కొన్నే. పైగా అవి మారుతుంటాయి. 2007లో పాత మెనూలు తీసేసి ఈ రిబ్బన్ పెట్టినప్పుడు చెయ్యి తిరిగినవాళ్లే తడుముకున్నారు. మారనివల్లా ఆ కింది గళ్లు. 1979లో డాన్ బ్రిక్లిన్, బాబ్ ఫ్రాంక్‌స్టన్ తెచ్చిన విజికాల్క్‌లోనూ నిలువు వరసలకు అక్షరాలు, అడ్డు వరసలకు అంకెలే. ఇవాళ్టి గూగుల్ షీట్స్‌లో, లిబ్రెఆఫీస్ క్యాల్క్‌లో కూడా అంతే. గళ్ల సంగతి పట్టుబడితే ఏ సాఫ్ట్‌వేర్ ఇచ్చినా నీ పని ఆగదు.

వాటి గురించి ఒక్క మాట గుర్తుపెట్టుకో: గడిలో కనిపించేది వేరు, గడిలో ఉన్నది వేరు.

ఖాళీ షీట్‌లో ఒక గడి మీద క్లిక్ చెయ్యి. పైన ఎడమ పక్క చిన్న పెట్టెలో బీ2 అనో సీ5 అనో పడుతుంది. అది నువ్వున్న చోటు. దాని పక్కన పొడుగ్గా ఉండేది ఫార్ములా బార్. గడిలో అసలు ఏముందో చెప్పేది అదే. ఇప్పుడు మూడు గళ్లలో ఒకదాని కింద ఒకటి 10.4 కొట్టి, నాలుగో దాంట్లో మొత్తం కట్టు. ఆ నాలుగూ ఎంచుకుని, హోమ్ ట్యాబ్‌లో దశాంశాలు తగ్గించే బొత్తాం నొక్కు. మూడు పదులు కనిపిస్తాయి, కింద మొత్తం మాత్రం 31! రేపు మీ ఓనరుగారు తూకాల కాగితం పట్టుకుని ‘మూడు పదులు ముప్పయ్యొకటి ఎలా అయిందమ్మా?’ అంటే కంగారుపడకు. గడి మీద క్లిక్ చేసి ఫార్ములా బార్ చూపించు. 10.4 ఎక్కడికీ పోలేదు.

ఇక గడిలో అంకె ఏ పక్కకు ఒరిగిందో చూడు. మనం కదపకపోతే సంఖ్యలు కుడికీ, అక్షరాలు ఎడమకీ చేరతాయి. సంఖ్యలా కనబడుతూ ఎడమకు ఒరిగిందంటే ఎక్సెల్ దాన్ని అక్షరాల కింద లెక్కేసిందన్నమాట. మొత్తంలో అది కలవదు, కలవలేదని చెప్పదు కూడా. అందుకే అందంగా ఉంటుందని అంకెల కాలమ్‌ను మధ్యకు జరపకు. ఆ గుర్తు కాస్తా చెరిగిపోతుంది.

తేదీలదీ అదే తంతు. కంప్యూటర్ అమెరికా పద్ధతిలో ఉంటే, ఏప్రిల్ 3 అనుకుని నువ్వు కొట్టిన 3/4 మార్చి 4 అయి కూర్చుంటుంది. 25/4 అని ఏడాదితో సహా కొడితే, ఇరవయ్యైదో నెల లేదు గనక అక్షరాల్లాగే ఎడమకు మిగిలిపోతుంది. ఒకే కాలమ్‌లో కొన్ని తేదీలు కుడికీ కొన్ని ఎడమకీ ఉన్నాయంటే, ఎడమవే కాదు, కుడివీ అనుమానించు. నెలను పేరుతో రాస్తే ఈ గొడవే ఉండదు.

రైతుల బ్యాంకు ఖాతాల దగ్గర మరీ జాగ్రత్త. సున్నాతో మొదలయ్యే నంబరు కొడితే ఆ సున్నా ఎగిరిపోతుంది. పన్నెండంకెల నంబరు గడిలో 1.23ఈ+11 లాగా కనబడితే భయం లేదు, ఫార్ములా బార్‌లో మొత్తం ఉంటుంది. పదిహేను అంకెలు దాటితే మాత్రం పదహారో అంకె నుంచి సున్నాలైపోతాయి. తర్వాత ఏం చేసినా అవి తిరిగి రావు. కాబట్టి ఖాతా నంబర్లు కొట్టకముందే ఆ కాలమ్‌ను టెక్స్ట్‌గా మార్చు. కూడికలూ తీసివేతలూ లేని నంబరు నిజానికి సంఖ్య కాదు, పేరులాంటిదే.

తెర అడుగున ఉండే సన్నటి పట్టీ స్టేటస్ బార్. బస్తాల కాలమ్‌లో కొన్ని గళ్లు ఎంచుకుంటే వాటి సగటు, లెక్క, మొత్తం అక్కడ పడతాయి. లెక్క ఒక్కటే పడి మొత్తం రాలేదంటే అవన్నీ అక్షరాలే. ఫార్ములా ఇచ్చిన జవాబు సరో కాదో చూసుకోవడానికి ఇంతకంటే సులువు లేదు. అదే పట్టీకి ఎడమ చివర రెడీ, ఎంటర్, ఎడిట్ అనే మాటలు మారుతుంటాయి. టైపు చేస్తూ బాణం మీట నొక్కితే ఒకసారి పక్క గడికీ, ఒకసారి పక్క అక్షరానికీ ఎందుకు పోతోందో అక్కడ తెలుస్తుంది. ఎఫ్2 నొక్కితే ఎడిట్. ఏదో పొరపాటున కొట్టావా, ఎస్కేప్. ఎంటర్ కూడా కొట్టేశావా, కంట్రోల్-జెడ్.

చివరిగా, షీట్ ఎక్కడ ముగిసిందో చూసే అలవాటు చేసుకో. కంట్రోల్-ఎండ్ నొక్కితే వాడిన చివరి మూలకు తీసుకెళుతుంది. ఇప్పటి ఫైల్‌లో 10,48,576 వరసలు పడతాయి. పాత ఎక్స్‌ఎల్‌ఎస్ రకంలో 65,536 మాత్రమే. 2020లో ఇంగ్లండ్ ప్రజారోగ్య సంస్థవాళ్లు కోవిడ్ పరీక్షల వివరాల్ని ఆ పాత రకం ఫైల్‌లోకి ఎక్కించబోతే, హద్దు దాటినవి పట్టక 15,841 కేసులు రోజువారీ లెక్కలోకి రాకుండా పోయాయి. పైనుంచి చూస్తే షీట్ నిండుగానే ఉంటుంది. చివర చూస్తేగాని తెలియదు.

ఈ ఆదివారం, ముందురోజు లారీల తూకాలు ఒక పది కొత్త షీట్‌లో ఎక్కించు. స్టేటస్ బార్ మొత్తాన్నీ, నువ్వు చేత్తో వేసిన కూడికనూ పక్కపక్కన పెట్టి చూడు. తేడా వస్తే నాకు ఫోన్ చేసేముందు ఒక్కో గడి మీదా నిలబడి ఫార్ములా బార్ చదువు. నూటికి తొంభైపాళ్లు నా అవసరం రాదు. రాకూడదనే నా కోరిక.

అమ్మకు, నాన్నగారికి మా నమస్కారాలు చెప్పు.

ఇట్లు,
నీ మావయ్య