పైకప్పు ముందు, ఎలివేషన్ తర్వాత

హైడెల్‌బర్గ్

తమ్ముడూ,

నువ్వు పంపిన ప్లానూ ఎలివేషన్ బొమ్మా రెండూ చూశాను. పడమటి ముఖం, ముందువైపు కింది నుంచి పైదాకా అద్దాలు, పాత మిద్దె పడగొట్టి స్థలమంతా ఒకేసారి స్లాబు. "మీ జర్మనీ ఇళ్ల మాదిరే ఉంటాదక్కా" అని రాసినావు. ఆ మాటకే ఈ ఉత్తరం ఇంత పొడుగవుతోంది. ఇక్కడి ఇళ్లు ఎందుకలా ఉన్నాయో తెలిస్తే మన ప్రొద్దుటూరులో ఇల్లు ఎలా ఉండకూడదో నీకే తోస్తుంది.

నేనుండే బాన్‌ష్టాట్ ఒకప్పుడు సరుకు రైళ్ల యార్డు. అది మూతపడినాక, దాదాపు 116 హెక్టార్లలో హైడెల్‌బర్గ్ నగరం ఈ కొత్త పేట వేసింది. పాసివ్ హౌస్ పద్ధతిలోనే కట్టాలని నియమం పెట్టింది. 2012లో మొదటి కాపురాలు దిగాయి. ఈ పద్ధతిలో ఇంటిని వెచ్చబెట్టడానికి చదరపు మీటరుకు ఏడాదికి 15 యూనిట్లకు మించి ఖర్చు కాకూడదు. అందుకని గోడలకు మందపాటి ఉష్ణకవచం తొడుగుతారు, కిటికీకి మూడు పొరల అద్దం వేస్తారు, గాలి దూరే సందు లేకుండా మూసేస్తారు, లోపలి గాలిని యంత్రంతో మార్పిస్తారు. దక్షిణం వైపు అద్దాలు పెద్దవి పెడతారు. డిసెంబరులో ఇక్కడ మిట్టమధ్యాహ్నం కూడా సూర్యుడు దిగంతం నుంచి 20 డిగ్రీల ఎత్తు దాటడు. ఆ కాస్త ఎండనూ ఇంట్లోకి పిలుచుకోవడానికే ఆ అద్దాలు.

మనకు ఎండను పిలిచే అవసరం ఏ నెలలో వచ్చింది చెప్పు? ప్రొద్దుటూరులో ఏప్రిల్ నెల చివర్లో మధ్యాహ్నం సూర్యుడు సరిగ్గా నడినెత్తిన నిలబడతాడు. అప్పటి నుంచి ఆగస్టు రెండో వారం దాకా కాస్త ఉత్తరానికి ఒరిగి ఉంటాడు. అంటే ఎండాకాలమంతా ఇంటిమీద పడే వేడిలో పెద్ద వాటా గోడలది కాదు, కప్పుది. ఆ తర్వాతి వాటా పడమటి గోడది, సాయంత్రం వాలిన ఎండ తిన్నగా దానికే తగులుతుంది. నీ ప్లానులో డబ్బంతా ఆ పడమటి ముఖం అద్దాలకు పోతోంది, కప్పుకేమో ఐదంగుళాల ఒట్టి స్లాబు. రెండుచోట్లా లెక్క తలకిందులయింది.

స్లాబు పగలంతా ఎండను తాగి, రాత్రి దాన్ని గదిలోకి వదులుతుంది. తొమ్మిదింటికి ఫ్యాను వేస్తే వేడిగాలి కొట్టేది అందుకే. దీనికి మందు నీకు పరాయిది కాదు. మనం పుట్టిన మిద్దె ఎట్లా కట్టినారో గుర్తు చేసుకో. దూలాల మీద దంతెలు, వాటి మీద నాపబండలు, ఆపైన జానెడు మందాన మట్టి, అన్నిటికన్నా పైన చౌడు. చౌడులో ఉండే సోడా లవణాలు మట్టిని మెత్తగా విరగదీసి సందులు పూడ్చేస్తాయి. వాన నీళ్లు ఇంకకుండా జారిపోతాయి. మధ్యలో గవాచి, వెలుతురు దిగడానికీ పొగ పోవడానికీ. మే నెలలో అమ్మ పగలు పడుకునేది ఎక్కడో నీకు తెలుసు, కొత్తగా కట్టిన స్లాబు గదిలో మాత్రం కాదు. ఇక్కడ బాన్‌ష్టాట్‌లోనూ చదునైన కప్పుల మీద మట్టి పరిచి చిన్న మొక్కలు పెంచుతున్నారు, వాన నీటిని పట్టి ఉంచడానికీ వేసవిలో చల్లదనానికీ. అవ్వ కాలం నాటి సంగతిని వీళ్లు ఇంజనీర్లను పెట్టి కొత్తగా రాసుకున్నారు.

కాబట్టి పాత మిద్దెను పడగొట్టే ముందు ఒక పని చెయ్యి. మంచి వడ్రంగిని పిలిపించి దూలాల కొసలు, గోడలో దూరిన చోట, ఉలితో గుచ్చి చూపించుకో. చెదలు పట్టేదీ పుచ్చేదీ ముందు అక్కడే. దూలాలు గట్టిగా ఉంటే ఆ రెండు గదులూ ఉంచేసుకో, కొత్త ఇంటిని వాటికి ఆనించి కట్టుకోవచ్చు. ఒక్క జాగ్రత్త. ఏటేటా పాత చౌడు గీకకుండా కొత్తది పోస్తూ పోతే బరువు పెరిగి దూలం వంగుతుంది. జడివానల్లో మిద్దెలు కూలేది చాలాసార్లు ఇందుకే, తడిసిన మట్టి ఇంకా బరువెక్కుతుంది. పాత పొర తీయించి, బరువు తగ్గించి, అప్పుడు కొత్తది వేయించు. దూలాలు పుచ్చిపోయి ఉంటే మాత్రం ఆశపడొద్దు, అమ్మ పడుకునే చోటు అది. పడగొట్టు.

కొత్త స్లాబు వేసేచోట పైన తెల్లటి పూత తప్పనిసరి. సున్నమైనా సరే, కూల్ రూఫ్ పెయింటయినా సరే, విరిగిన తెల్ల టైల్సు ముక్కలు పరిపించినా సరే. తెలుపు ఎండను వెనక్కి కొడుతుంది. తెలంగాణ ప్రభుత్వం 2023లో దీని మీదే ఒక విధానం ప్రకటించింది, కూల్ రూఫ్ పాలసీ అని. టైల్సు వేయించుకుంటే నీటి వాలు ముందే చూపించుకో. నీ కొత్త ఇంట్లో అన్నిటికన్నా తక్కువ డబ్బుతో అన్నిటికన్నా ఎక్కువ సుఖమిచ్చేది ఇదే, దీన్ని చివరికి వాయిదా వెయ్యొద్దు. చివరికి ఎప్పుడూ డబ్బు మిగలదు.

అద్దాల గురించి ఇంకొక మాట. ఇక్కడ పాత పేటలో, 1693లో ఫ్రెంచి సేనలు ఊరిని తగలబెట్టినాక మళ్లీ కట్టిన వీధుల్లో, కిటికీలకు బయటవైపు చెక్క తలుపులుంటాయి. కొత్త ఇళ్లకు బయటవైపే దిగే షట్టర్లు. జూలైలో ఎండ ముదిరిన రోజున ఇక్కడి వాళ్లు తెల్లవారుజామున కిటికీలన్నీ బార్లా తెరిచి, పొద్దెక్కేసరికి మూసి, షట్టరు దించేస్తారు. ఎండను అద్దానికి బయటే ఆపాలి. లోపల పరదా వేస్తే వెలుతురు ఆగుతుంది కానీ వేడి అప్పటికే గదిలో ఉంటుంది. మనకు షట్టర్లెందుకు, లోతైన సజ్జ ఉంది, పంచ ఉంది. పడమటివైపు ఎనిమిదడుగుల పంచ దించి, దాని ముందర కానుగో వేపో నాటు. మెట్లు, స్నానాల గది, సామాన్ల గది పడమటి వైపుకి తోసెయ్యి, పడక గదికి అవి అడ్డుగోడలవుతాయి. నైరుతిలో బరువుండాలని అమ్మ పట్టుబడుతోంది కదా, అక్కడ మెట్లు పెడితే ఆమె మాటా చెల్లుతుంది, ఎండా ఆగుతుంది.

పగలు మూసి రాత్రి తెరిచే ఈ పద్ధతి మన కడప ఎండకు బాగా పనికొస్తుంది, ఎందుకంటే మనది పొడి వేడి. కాకినాడలో ఉన్న మీ బావమరిదికి ఇదే సలహా ఇవ్వకు. సముద్రపు ఉక్కలో వాళ్లకు ఎప్పుడూ గాలి ఆడుతూ ఉండాలి, ఎదురెదురు కిటికీలు కావాలి. ఇళ్ల గురించి ఎవరు ఏం చెప్పినా ముందు ఏ ఊరి మాట అని అడుగు. నేను చెప్పినా సరే.

సిమెంటు విషయానికొస్తే, ఈ ఊరికీ మన ఊరికీ ఒక చుట్టరికం ఉంది. 1873లో ఇక్కడ మొదలైన హైడెల్‌బర్గ్ సిమెంటు కంపెనీ (ఇప్పుడు హైడెల్‌బర్గ్ మెటీరియల్స్ అంటున్నారు) 2016లో ఇటాల్‌సిమెంటిని కొన్నప్పుడు మన యర్రగుంట్ల జువారీ ఫ్యాక్టరీ దాని చేతికొచ్చింది. మన నేలలోని సున్నపురాయే ఆ ఫ్యాక్టరీని అక్కడికి రప్పించింది. అదే రాయిని పలకలుగా తీస్తే నాపరాయి, మట్టి కలిపి కాల్చి పొడి చేస్తే సిమెంటు. కాల్చడానికి బొగ్గు మండిస్తే బొగ్గుపులుసు వాయువు వస్తుంది, కాలేటప్పుడు రాయిలోంచీ అదే వెలువడుతుంది. ప్రపంచం వదిలే ఆ వాయువులో ఏడెనిమిది శాతం సిమెంటుదే అంటారు. కాబట్టి సిమెంటు అవసరమైన చోటే వాడు. గోడలకు మన రాయి ఉంది, నేలకు మన నాపబండలు ఉన్నాయి, మెరుగు పెట్టిస్తే ఏ టైల్సుకీ తీసిపోవు. ఇటుకే కావాలంటే లారీ బేకర్ కేరళలో ఊరూరా కట్టి చూపించిన పద్ధతి ఉంది. ఇటుకను నిలబెట్టి పేర్చి, గోడ మధ్యలో గాలి గూడు వదిలేయడం. ఇటుక నాలుగో వంతు మిగులుతుంది, వేడి తగ్గుతుంది. మన బేల్దారులకు అలవాటు లేదు, ఒక చిన్న ప్రహరీ ముక్క ముందు కట్టించి చూసుకో.

సిమెంటు వాడినచోట లోభం చూపకు, ఆత్రం కూడా చూపకు. కాంక్రీటు గట్టిపడేది ఎండకు ఆరి కాదు, నీళ్లతో కలిసి. పోయడం తేలిగ్గా ఉంటుందని కూలీలు నీళ్లు ఎక్కువ కొడతారు, దాని బలం అక్కడే పోతుంది. యాభై కిలోల బస్తాకు పాతిక లీటర్లు దాటనివ్వకు, తడి ఇసుకలో ఉన్న నీటిని కూడా అందులో లెక్కపెట్టు. స్లాబు మీద మడులు కట్టి కనీసం పది రోజులు నీళ్లు నిలుపు, మన ఎండకు రెండు వారాలైతే మంచిది. స్తంభాలకు తడి గోనెపట్టాలు చుట్టించు. ఆ రోజుల్లో నువ్వు రెండుపూటలా అక్కడ ఉండాలి, సెలవు పెట్టుకో. పునాది గురించి మాత్రం నా మాట వద్దు. మనది నల్లరేగడి, వానకు ఉబ్బి ఎండకు బీటలిస్తుంది, దాంతో గోడలు పగులుతాయి. మట్టి పరీక్ష చేయించి ఇంజనీరు చెప్పినట్టు చెయ్యి. దానికయ్యే ఖర్చు ఎలివేషన్‌లోంచి తీసెయ్యి.

అంతా ఒక్కసారే కట్టాలన్న పట్టుదల ఎందుకు? వడ్డీకి తెచ్చి కట్టిన మూడో పడక గదిలో ఎవరు పడుకుంటారు? ఈ ఏడు వంటిల్లు, ఒక పెద్ద గది, పంచ, సంపు, ఇంకుడు గుంత. ఒక ఎండాకాలం, ఒక వానాకాలం అందులో గడిపితే గాలి ఎటునుంచి వస్తుందో, జల్లు ఎక్కడ కొడుతుందో మరదలికే తెలిసిపోతుంది, తక్కిన గదులు ఆమె చెప్పినట్టు కట్టుకోండి. పైన కట్టే ఉద్దేశముంటే స్తంభాల కడ్డీలను గాలికి వదిలెయ్యకుండా సిమెంటు పాలు పూయించి, సిమెంటు తక్కువ కలిపిన కాంక్రీటుతో కప్పించు. మన వీధిలో ఎన్ని ఇళ్ల మీద తుప్పుకడ్డీలు నిలబడి ఉన్నాయో మిద్దె ఎక్కి చూడు.

ప్లాను మళ్లీ గీయించి పంపు, దిక్కులు గుర్తుపెట్టించు, ఈసారి బొమ్మలో అవి లేవు. దూలాల కొసల ఫోటోలు దగ్గర్నుంచి తీసి పంపించు. ఇంజనీరుతో మాట్లాడేటప్పుడు నన్నూ ఫోన్లో కలుపు, అక్కడ సాయంత్రం ఏడయితే నేను ఆఫీసులో మధ్యాహ్నం భోజనం దాటి ఉంటాను, వీలవుతుంది. నాయనకు, అమ్మకు నమస్కారాలు, పిల్లలకు ముద్దులు.

ప్రేమతో,
అక్క