రక్తం తక్కువున్నవారు ప్రాణాయామం ఎలా చేయాలి?



ప్రాణాయామం వీడియో చూసి బోధన్ నుంచి ఒక అక్కయ్య అడిగారు: "నాకు రక్తం తక్కువున్నది, మెట్లెక్కితే ఆయాసం. ప్రాణాయామంతో తగ్గుతదా?" ఈ పాఠం ఆ ప్రశ్నకు జవాబు.

బోధన్‌నే ఏకచక్రపురం అంటారు మన పెద్దలు. అక్కడ బకాసురుణ్ణి చంపిన భీముడు వాయుపుత్రుడే. అయినా బండెడు అన్నం తిన్నాకే యుద్ధానికి లేచాడు. తైత్తిరీయోపనిషత్తులో కూడా ముందు అన్నమయ కోశం, తర్వాతే ప్రాణమయ కోశం. ఈ వరుస గుర్తుపెట్టుకోండి.

ఊపిరితిత్తులు చెరుకు తోట అనుకోండి, రక్తంలోని హిమోగ్లోబిన్ బండి. తోటలో చెరుకు ఎంతున్నా బండ్లు లేకపోతే ఫ్యాక్టరీకి చేరదు కదా! ఒక్క గ్రాము హిమోగ్లోబిన్ సుమారు 1.34 మిల్లీలీటర్ల ఆక్సిజన్ మోస్తుంది. హిమోగ్లోబిన్ 12 ఉంటే 100 మిల్లీలీటర్ల రక్తంలో 16 మిల్లీలీటర్లు, 7 ఉంటే 9 మాత్రమే. వేలికి పెట్టే ఆక్సీమీటర్ 98 చూపినా ఆయాసం రావచ్చు. ఉన్న బండ్లు నిండాయా లేదా అనే అది చూస్తుంది, ఎన్ని బండ్లున్నాయో లెక్కపెట్టదు.

మరి ప్రాణాయామం ఎందుకు? ఊపిరి పీల్చే కండరాలకు అది వ్యాయామం. శ్వాస నెమ్మదిస్తుంది, కంగారు తగ్గుతుంది. కానీ కొత్త బండ్లను తయారు చేయదు. అది ఇనుము చేసే పని.

ఇలా చేయండి:

1. కూర్చుని, పొట్ట పైకి లేచేలా 4 అంకెలు పీల్చి, 6 అంకెలు వదలండి. 5 నిమిషాలు చాలు.
2. కుంభకం, కపాలభాతి, భస్త్రిక ఇప్పుడు వద్దు. కళ్లు తిరిగితే ఆపేయండి.
3. హిమోగ్లోబిన్ పరీక్ష చేయించండి. గర్భిణులు కాని స్త్రీలకు 12 కంటే తక్కువైతే రక్తహీనతే.
4. డాక్టరు ఇచ్చిన ఐరన్ మాత్రలు మానకండి. చాయ్‌తో వేసుకోకండి. తోటకూర, పప్పు మీద నిమ్మకాయ పిండుకోండి. బెల్లం ఒక్కటే సరిపోదు.

కూర్చున్నా ఆయాసం, గుండెదడ ఉంటే వెంటనే ఆస్పత్రికి వెళ్లండి.

2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో తెలంగాణ స్త్రీలలో 57.6 శాతం మందికి రక్తహీనత ఉంది. ఇంట్లో అందరికీ వడ్డించి చివర్లో మిగిలింది తినే తల్లులారా, మీలోని ప్రాణానికి కూడా నైవేద్యం పెట్టండి.

శుభం.