పొంగనాల పెనంలో స్క్రూలు

నాగర్‌కర్నూల్,
ఆదివారం

చిరంజీవి చిన్నికి తాత దీవెనలు. మీ అవ్వ మోకాలు నొప్పి అట్లనే ఉన్నది, నోరు గూడ అట్లనే ఉన్నది.

నీ ఉత్తరం మొన్న అందింది. "ల్యాప్‌టాప్ చచ్చింది తాతా" అని ఒక్క ముక్క రాసి, మిగిలిన పేజీ అంతా పరీక్షల భయమే రాసినవు. దాని వెనకాలనే మీ అమ్మ ఫోను. కొత్తది వాయిదాల మీద కొంటనన్నవంట, ఫోన్లోనే ఐదు నిమిషాల్ల అప్పు దొరుకుతదన్నవంట. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. మన ఇంట్ల అప్పు ముచ్చట నీకు మళ్ల చెప్పనక్కర లేదు. అప్పుల కింద పోయిన ఆ రెండెకరాల పక్క నుంచి బస్సు పోతుంటే మీ నాయన ఇప్పటికీ తల అటు తిప్పడు.

సరే, ముందు యంత్రం సంగతి. లైటు వెలుగుతది, ఫ్యాను ఒక చుట్టు తిరుగుతది, తెర మాత్రం నల్లగనే ఉంటదని రాసినవు. దాన్ని చావు అనరు బిడ్డా. లైటు వెలిగిందంటే లోపలికి కరెంటు పోతున్నట్టే. నాడి కొట్టుకుంటున్న మనిషిని పట్టుకొని ఏడుస్తరా?

ఇది నాకు ఎట్ల తెలిసిందో చెప్త విను. నువ్వు గద్వాల కోటలోని కాలేజీల చదువుతున్నవు, నేను వనపర్తి రాజావారి బంగ్లాలో చదివిన. 1959లో అక్కడ పాలిటెక్నిక్ పెట్టిన్రు, నేను చేరింది 1976లో. పగలు క్లాసులు, సాయంత్రం బజారులో ఒక రేడియో దుకాణంల ఉస్తాదు దగ్గర పని. ఒకనాడు గద్వాల నుంచి ఒక నేతపని ఆయన వాల్వు రేడియోను పాత చీరలో చుట్టుకొని వచ్చిండు. మోగుతలేదన్నడు. ఉస్తాదు లేడు. నా తెలివి చూపించే సందు దొరికింది. వాల్వులు పీకిన, డబ్బా విప్పిన, గంటసేపు చెమటలు కార్చిన. ఉస్తాదు వచ్చి, డబ్బా దిక్కు చూడకుండ ప్లగ్గు చేతిలకు తీసుకున్నడు. ప్లగ్గులోపల వైరు తెగి ఉన్నది. అంతే రోగం. ఆ నేతపని ఆయన బయట బండ మీద కూసొని అన్న మాట ఇంక నా చెవుల్ల ఉన్నది: "పోగు తెగిన కాడ పట్టుకోవాలె గాని, మగ్గమంత ఊడదీస్తరా?"

అందుకే నువ్వు గోడ నుంచి మొదలుపెట్టు. ఆ సాకెట్ల ఫోన్ చార్జర్ పెట్టి చూడు. తర్వాత ల్యాప్‌టాప్ చార్జర్ వైరును రెండు చివర్ల దగ్గర వంచి చూడు, ఎక్కువగ తెగేది అక్కడనే. నీ చార్జర్ మీద 19.5 వోల్టులు, 65 వాట్లు అని రాసి ఉంటది. హాస్టల్ల ఎవరిదన్న అడిగి తెచ్చుకుంటే వోల్టులు, పిన్ను రెండూ కలవాలె, వాట్లు తక్కువ ఉండొద్దు. పెన్‌డ్రైవు, మౌసు, మెమరీ కార్డు అన్నీ పీకెయ్. మరిచిపోయిన పెన్‌డ్రైవు ఒకటి చాలు, పాత యంత్రం దానిలో విండోస్ వెతుక్కుంట కూసుంటది.

తర్వాత చార్జర్ తీసెయ్, కింద గొళ్లెం జరిపి బ్యాటరీ గూడ తీసెయ్. పవర్ బటన్ ముప్పై సెకండ్లు నొక్కిపట్టు. బోర్డు మీద నిలిచిపోయిన కరెంటు ఖాళీ అయితది. మళ్ల బ్యాటరీ లేకుండ, ఒట్టి చార్జర్ మీద ఆన్ చెయ్. ఎన్నో యంత్రాలు ఇక్కడనే లేస్తయంటే నువ్వు నమ్మవు. బ్యాటరీ తీసినప్పుడు ఉబ్బినట్టు కనిపిస్తే మాత్రం మళ్ల పెట్టకు, నొక్కకు, గుచ్చకు. అది లిథియం, అంటుకుంటే ఆగదు.

అప్పుడు గూడ తెర నల్లగనే ఉంటే, క్యాప్స్ లాక్ నొక్కు. దాని లైటు వెలిగి ఆరితే లోపల ప్రాణం ఉన్నట్టు. చీకట్ల తెర మీదికి టార్చి ఏటవాలుగ కొట్టు. అక్షరాలు మసకగ కనిపిస్తే తెర వెనక దీపం పోయిందన్న మాట, టీవీకి వైరు కలిపి పని నడుపుకోవచ్చు. క్యాప్స్ లాక్ దానంతట అదే కొట్టుకుంటున్నా, బీప్ బీప్ అంటున్నా, ఎన్నిసార్లో లెక్కపెట్టి కాగితం మీద రాయి. అది యంత్రం తన నొప్పి చెప్పుకునే భాష. ఒక్కో కంపెనీది ఒక్కో యాస.

నువ్వు రాసింది చూస్తే నా అనుమానం ర్యామ్ మీద ఉన్నది. ఏండ్ల దుమ్ముకు పట్టీ మీద మెరిసే పళ్లు మసకబారుతయ్. తీసి, పెన్సిల్ రబ్బరుతోని మెల్లగ రుద్ది, పొడిబట్టతోని తుడిచి, రెండుంటే ఒక్కొక్కటే పెట్టి చూడాలె. ఏటవాలుగ దూర్చి కిందికి అదిమితే రెండు పక్కల గొళ్లాలు టక్కుమంటయ్. ఒకసారికి ఒక్కటే మార్పు. రెండు కలిపి మారిస్తే ఏది బాగుచేసిందో తెల్వదు.

కాని ర్యామ్ చూడాలంటే వెనక మూత విప్పాలె. విప్పాలంటే స్క్రూలు. నా భయమంత ఇక్కడ ఉన్నది.

స్క్రూలను అలుసుగ చూడకు చిన్నీ. అన్నీ ఒక్కతీరుగ ఉంటయ్ గాని ఒక్కటి కాదు. ఒకటి నాలుగు మిల్లీమీటర్లు, ఇంకోటి ఆరు, కీలు దగ్గరిది ఎనిమిది ఉండొచ్చు. పొడుగుది పొట్టి రంధ్రంల తిప్పితే బోర్డులకు దిగుతది, అప్పుడు నిజంగనే చస్తది. ఆ రేడియో ముచ్చట నేను సగమే చెప్పిన. ప్లగ్గు బాగుచేసినంక మళ్ల డబ్బా బిగిస్తుంటే స్క్రూ ఒకటి దొరకలేదు. ఉస్తాదుకు తెలియకుండ సీసాలోనుంచి ఇంకోటి తీసి బిగించిన. అది స్టేషన్లు పట్టే గ్యాంగ్ కండెన్సర్ కింది స్క్రూ. కొంచెం పొడుగు, మొన పోయి లోపలి రేకులకు తగిలింది. సూది ఒక పక్కకు పోంగనే కర్రుమని గొంతు పోయేది. ఆ నేతపని ఆయన గద్వాల దాక పోయి మళ్ల ఇంత దూరం వచ్చిండు. ఉస్తాదు నన్ను కొట్టలేదు, తిట్టలేదు. నేల మీద దీపం పెట్టి, నాతోని కలిసి ఆ పొట్టి స్క్రూను గంటసేపు వెతికిండు. దొరికింది, నా చెప్పుకే అతుక్కొని ఉన్నది.

అప్పటిసంది నాకు ఇది పిచ్చి. మొదట ఇడ్లీ పళ్లెంల పెట్టేటోన్ని, దాని రంధ్రాల్లోంచి జారిపోయేటివి. తర్వాత మీ అవ్వ గుంతపొంగనాల పెనం ఎత్తుకొచ్చిన. పన్నెండు గుంతలు, పన్నెండు స్థానాలు. అంతకన్న మంచి పనిముట్టు ఏ కంపెనీ చెయ్యలేదు. నీ దగ్గర లేకపోతే తెల్లకాగితం మీద ల్యాప్‌టాప్ అడుగు బొమ్మ గీసి, ఏ స్క్రూ యాడిదో అక్కడనే టేపుతోని అతికించు. బిగించేటప్పుడు ముందు ఎడమకు మెల్లగ తిప్పు. టిక్కుమని మర గాడిల పడ్డది చేతికి తెలుస్తది, అప్పుడు కుడికి. బలం చూపకు. చిన్నప్పుడు జామెట్రీ బాక్సు మూత విరగ్గొట్టినవు, గుర్తున్నదా? ఆ చేతులే అవి, నా చేతులే.

"బూట్ డివైస్ లేదు" అని తెర మీద వస్తే, హార్డ్ డిస్కు దగ్గర చెవి పెట్టు. టిక్ టిక్ అంటుంటే మాటిమాటికి ఆన్ చెయ్యకు, వెంటనే ఆపు. ఆ చప్పుడు లేకపోతే దాన్ని బయటికి తీసి యూఎస్‌బీ డబ్బాల పెట్టి ఇంకో కంప్యూటర్లకు నకలు తీసుకోవచ్చు. తెర పోయినా, బోర్డు పోయినా నీ నోట్సులు ఆ డిస్కుల పదిలంగ ఉంటయ్. మీ ముత్తవ్వ జొన్నలు విసురుకుంట పాడితే నువ్వు రికార్డు చేసినవు గద, అది గూడ అందులనే ఉన్నది. మా అమ్మ గొంతు నాకు ఇంక యాడా లేదు.

తొందర ఎంత పని చేస్తదో 2009 అక్టోబరుల చూసిన. కృష్ణా, తుంగభద్ర రెండూ పొంగి అలంపూర్ మునిగింది. నీళ్లు తీసినంక నా దగ్గరికి టీవీలు బండ్ల మీద వచ్చినయ్. బురద కడిగి, దినాల తరబడి ఆరబెట్టినంక ప్లగ్గు పెట్టినవి కొన్ని బతికినయ్. పనిచేస్తదో లేదోనని తడిమీదనే ఆన్ చేసి చూసినవి నా ముందరనే పొగలు కక్కినయ్. చంపింది నీళ్లు కాదు, ఆ ఒక్క ఆత్రం.

అప్పు గూడ అసుంటిదే బిడ్డా. ఒక ర్యామ్ పట్టీకి అయ్యే ఖర్చు చూడకముందే రెండేండ్ల వాయిదా మెడకు చుట్టుకోకు. యంత్రం లేచినంక విండోస్ సంగతి చూద్దాం. విండోస్ 10 కు మామూలు అప్‌డేట్లు 2025 అక్టోబరు 14 తోనే ఆగిపోయినయ్. లినక్స్ మింట్ అని ఉన్నది, పైసా అడగదు, పాత యంత్రం మీద తేలిగ్గ నడుస్తది. నిజంగనే పోతే పోనీ, నా పింఛను ఉన్నది, నేను ఉన్న. నాకు చెప్పకుండ మాత్రం సంతకం పెట్టకు.

వచ్చే ఆదివారం వస్తున్న. వనపర్తి, పెబ్బేరు మీదుగ వచ్చి, బీచుపల్లి కాడ కృష్ణ దాటి, ఎర్రవల్లి చౌరస్తాల దిగి బస్సు మారుత. సంచిల చిన్న ప్లస్ స్క్రూడ్రైవర్, రబ్బరు, నా పెనం. మీ అవ్వ వేరే పెనంల పొంగనాలు పోసి డబ్బా కట్టిస్తదంట. నా పెనంల పొయ్యనని ఒట్టు పెట్టుకొని ముప్పై ఏండ్లయింది.

అప్పటిదాక ఫోన్ల ఏ అప్పు బటనూ నొక్కకు. పవర్ బటన్ ఒక్కటి నొక్కు, ముప్పై సెకండ్లు.

మీ తాత

తా.క.: ఈ ఉత్తరం అందేసరికే విప్పి కూసున్నవేమో. తిట్టను. స్క్రూలు ఎన్ని దొరికినయో లెక్కబెట్టి పెట్టు. దొరకనిది ముందు చెప్పు కింద చూడు.