సాగరతీర యాత్రకు మజిలీల లెక్క

వార్షిక పరీక్షలు ముగిసి వేసవి సెలవులు సమీపించగానే యువకుల మనస్సు మోటారు సైకిలు మీదికి పోవడం సహజం. అందులోను విశాఖపట్నం మొదలుకొని భీమునిపట్నం మీదుగా శ్రీకాకుళం, కళింగపట్నాల దాకా సాగే తీరం ఎవరినైనా ఆకర్షించగలదు. ఒక ప్రక్క కొండలు, ఒక ప్రక్క సముద్రం, నడుమ చదునైన బాట. అయితే మే నెలలో ఈ యాత్ర తలపెట్టేవారు ముందుగా కూర్చుని ఆలోచించవలసిన విషయాలు కొన్ని ఉన్నాయి. వాటిని చర్చించడమే ఈ వ్యాసం ఉద్దేశం.

విద్యార్థి మిత్రులు సాధారణంగా పటం ముందు పెట్టుకొని కిలోమీటర్లు కూడుతారు. విశాఖ నుండి శ్రీకాకుళానికి సుమారు 110, అక్కడి నుండి కళింగపట్నానికి మరి 30. గంటకు 60 చొప్పున రెండున్నర గంటల పని అని తేల్చివేస్తారు. ఈ లెక్క రైలుబండికి సరిపోవచ్చును గాని, ఎండలో బండి నడిపే మనిషికి సరిపోదు.

మన ఉర్దూ మిత్రులు గమ్యాన్ని మంజిల్ అంటారు. పూర్వకాలంలో ఆ మాటకు ప్రయాణికుడు ఒక దినంలో నడిచి ఆగే చోటు అనే అర్థం ప్రధానంగా ఉండేది. తెలుగులోని మజిలీ ఆ మాట నుండి వచ్చినదే. మధిర సుబ్బన్న దీక్షితులు గారి కాశీమజిలీ కథలలో గురుశిష్యులు కాశీకి పోయే దారిలో మజిలీ మజిలీకి ఒక కథ నడుస్తుంది. మజిలీని నిర్ణయించేది మైలురాయి కాదు. మనిషి, పశువు, నీరు, నీడ. వాహనం మారినంత మాత్రాన ఈ సూత్రం మారిందని నేననుకోను.

తీరప్రాంతపు ఎండ లోనాటి ఎండ వంటిది కాదు. మన శరీరం చెమట ఆవిరి కావడం వల్ల చల్లబడుతుంది. సముద్రపు గాలిలో తేమ అధికం కనుక చెమట ఆరక కారిపోతుంది, శరీరంలోని వేడి అలాగే నిలుస్తుంది. వేడిమాపకం 36 డిగ్రీలు మాత్రమే చూపినా ప్రాణం ఉక్కిరిబిక్కిరి కావడానికి కారణం ఇదే. పడమటి వడగాలి బలంగా వీచే రోజున సముద్రపు గాలి ఆలస్యంగా వస్తుంది. ఆనాడు గాలి వేడి 40 దాటవచ్చు. బండి వేగంగా పోతూ ఉంటే గాలి తగిలి చల్లగా ఉంటుందని చాలామంది భ్రమ. చర్మపు వేడి కంటె గాలి వేడి ఎక్కువైనప్పుడు ఆ గాలి శరీరానికి వేడినే చేరుస్తుంది. పైగా చెమట కనిపించకుండా ఆరిపోవడంతో ఎంత నీరు పోయిందో తెలియదు. అందుచేత పొట్టి చేతుల చొక్కా కంటె పొడుగు చేతుల వదులైన నూలు చొక్కాయే మేలు.

ఈ కారణాల వల్ల యాత్రికుని దినచర్య సూర్యుని బట్టి ఏర్పడాలి. మే నెలలో ఈ తీరాన అయిదున్నరకు ముందే సూర్యోదయం. అప్పటి నుండి తొమ్మిదిన్నర దాకా నాలుగు గంటలు, మరల సాయంత్రం నాలుగు నుండి ఆరు దాకా రెండు గంటలు, మొత్తం ఆరు గంటలే ప్రయాణకాలం. అందులో సగం చూడదగిన చోట్ల ఆగడానికి, ఫలహారానికి పోతుంది. మిగిలిన మూడు గంటలలో గంటకు 30 కిలోమీటర్ల చొప్పున లెక్కిస్తే ఒక మజిలీ 90 కిలోమీటర్లకు మించరాదు. వినడానికి ఇది స్వల్పమే. కాని నడిమి పగలు ఆరు గంటలు నీడపట్టున గడిపేవాడే మరునాడు ఉత్సాహంగా లేచి బండి ఎక్కగలడు.

ఈ లెక్కన నాలుగు దినాల యాత్ర చక్కగా అమరుతుంది. మొదటి దినం విశాఖ నుండి భీమిలి వరకు మాత్రమే. దూరం 30 కిలోమీటర్ల లోపే అయినా చూడవలసినవి అధికం. తొట్లకొండ, బావికొండల మీద బౌద్ధారామాల శిథిలాలు ఉన్నాయి. ఈ రెండు పేర్లూ నీటివే కావడం గమనార్హం. వర్షపు నీటిని నిలవ చేయడానికి రాతిలో తొలిచిన తొట్లు ఒకదానికి, బావులు మరొకదానికి పేరు తెచ్చాయి. సముద్రం ఎదుటే ఉన్నా త్రాగే నీటికి ముందుగా ఏర్పాటు చేసుకున్న ఆ భిక్షువుల దూరదృష్టి నేటి యాత్రికునికీ పాఠమే. భీమిలికి ఇవతల ఎర్రమట్టి దిబ్బలు ఉన్నాయి. వేల సంవత్సరాలుగా గాలి, నీరు, సముద్రమట్టపు హెచ్చుతగ్గులు మలచిన దిబ్బలవి. వాటిపైకి బండి ఎక్కించడం అవివేకం. చక్రం గీసిన గాడిని మరుసటి వాన లోతుగా కోసివేస్తుంది. భీమునిపట్నంలో డచ్చి వర్తకుల సమాధులు, దీపస్తంభం చూడవచ్చు. 1861లోనే పురపాలక సంఘం ఏర్పడిన పట్టణమది.

రెండవ దినం తగరపువలస వద్ద జాతీయ రహదారి ఎక్కి సుమారు 80 కిలోమీటర్లు పోతే నాగావళి ఒడ్డున శ్రీకాకుళం వస్తుంది. తీరం వెంబడే పోరాదా అని కొందరు అడగవచ్చు. గోస్తని, చంపావతి, నాగావళి, వంశధార ఒకదాని తరువాత ఒకటి సముద్రంలో కలిసే సీమ ఇది. నదీముఖాల దగ్గర బాట చాలాచోట్ల లోపలికి మళ్లక తప్పదు. రహదారిపై లారీల రద్దీ ఎక్కువ కనుక ఈ మజిలీని తెల్లవారుజామునే ముగించడం క్షేమం.

మూడవ దినం యాత్రలో ఉత్తమమైనదని నా అభిప్రాయం. కూర్మావతారానికి నిలయమైన శ్రీకూర్మం, వంశధార ఒడ్డున కొండపై బౌద్ధస్తూపాలు గల శాలిహుండం, ఆ నది సముద్రంలో కలిసే కళింగపట్నం, మూడూ కలిపి ఒక ఉదయం, ఒక సాయంత్రం. రాత్రికి మళ్లీ శ్రీకాకుళం చేరవచ్చు. నాలుగవ దినం తిరుగు ప్రయాణం; ఆనాటి దూరం మజిలీని మించుతుంది గనుక, ఆగి చూసే పనులేవీ పెట్టుకోక తెల్లవారగానే బయలుదేరాలి.

ఏప్రిల్ 15 నుండి జూన్ 14 వరకు 61 రోజులు తూర్పు తీరంలో యాంత్రిక పడవల చేపలవేట నిషేధం. కనుక ఆ పడవలు ఒడ్డునే ఉంటాయి. వలలు బాగుచేసుకుంటూ తీరికగా ఉన్న మత్స్యకారులు సముద్రం గురించి చెప్పే సంగతులు ఏ గ్రంథంలోనూ దొరకవు. ముఖ్యంగా ఎక్కడ దిగరాదో వారినే అడగాలి. ప్రతి వేసవిలోను మన తీరంలో విద్యార్థులు మునిగిపోయిన వార్తలు చదువుతూనే ఉన్నాం. అలలు విరగకుండా ప్రశాంతంగా కనిపించే పాయలోనే నీరు వేగంగా లోపలికి లాగే అవకాశం ఉంది. ఈతగాడు సైతం దానికి ఎదురీది అలసిపోతాడు. ఒడ్డుకు సమాంతరంగా ఈది ఆ పాయ దాటడమే ఉపాయం. మోకాలి లోతుకు మించి దిగకపోవడం అంతకంటె మంచిది.

సామగ్రి విషయం క్లుప్తంగా చెబుతాను. మనిషికి కనీసం మూడు లీటర్ల నీరు. ఒక లీటరు నీటిలో ఆరు సమతలపు చెంచాల చక్కెర, అర చెంచా ఉప్పు కలిపిన ద్రావణం. తోటివాడు తడబడి మాట్లాడినా, ఒళ్లు కాలిపోతున్నా నీడలో పరుండబెట్టి తడిగుడ్డతో తుడుస్తూ 108కి కబురు చేయాలి. స్పృహ లేనివానికి నీరు త్రాగించరాదు. చక్రాలలో గాలిని ఉదయం, బండి చల్లగా ఉన్నప్పుడే చూడాలి. మధ్యాహ్నపు వేడికి ఒత్తిడి పెరిగిందని గాలి తీసివేస్తే మరునాటికి అది చాలదు. పెట్రోలు ఖర్చు పెద్దది కాదు. 300 కిలోమీటర్ల చిల్లర ప్రయాణానికి లీటరుకు 45 చొప్పున ఏడెనిమిది లీటర్లు. ఆ మిగులుతో రెండవ శిరస్త్రాణం కొనవచ్చు. 1988 నాటి మోటారు వాహనాల చట్టం ప్రకారం వెనుక కూర్చున్నవానికీ అది తప్పనిసరి, బండిపై ఇద్దరికి మించరాదు. ముగ్గురు మిత్రులుంటే రెండు బండ్లు కావాలి, లేదా ఒకరు ఇంట ఉండాలి. ఇందులో మొగమాటం పనికిరాదు.

కళాశాల కమిటీ వారికి ఒక మనవి. ఇటువంటి యాత్రలను నిషేధిస్తే విద్యార్థులు చెప్పకుండా పోతారు. అంతకంటె, ఏ దినం ఎక్కడ మజిలీ, ఎవరి బండి, ఎవరికి లైసెన్సు ఉన్నది అనే వివరాల పత్రం ఒకటి కార్యాలయంలోను, మరొకటి ఇంటిలోను ఇచ్చి పోయే పద్ధతి పెట్టడం మేలు. వాతావరణ హెచ్చరికను రోజూ చూడడం కూడా అందులో నియమం కావాలి. 1990 మే నెలలో మచిలీపట్నం ప్రాంతాన్ని, 2010 మే నెలలో బాపట్ల ప్రాంతాన్ని తుఫానులు తాకాయి. తుఫానులు కార్తికంలోనే వస్తాయనుకోవడం పొరపాటు.

తిరిగి వచ్చిన దినాననే బండిని మంచినీటితో కడగాలి. గొలుసులోను, చక్రపు కమ్ముల సందులలోను చేరిన ఉప్పు, ఇసుక వారం రోజులలో తుప్పు పుట్టిస్తాయి. ఆరిన పిమ్మట గొలుసుకు నూనె వేసి, దాని బిగువు చూసి, అప్పుడు నీడలో నిలపాలి.