అద్దె యింటిలోని సామానులకు భీమా

పంట కళ్ళమున నున్నంత కాలము రైతు దానిని రాత్రింబవళ్ళు కాచుకొనును. ఆ పంట యమ్మిన సొమ్ముతో పట్టణములోని బిడ్డల అద్దె యింటికి అమర్చి యిచ్చిన సామానుల క్షేమమును మాత్రము తలపెట్టువారు తక్కువ. ఇల్లు పరులదే యైనను అందలి సామాను మనదే గదా!

2024 సెప్టెంబరు మొదటి దినములలో బుడమేరు పొంగి విజయవాడలోని సింగునగరు మొదలగు పేటలను ముంచెను. అట్టి వేళ ఇంటి యజమానికి భీమా యున్నను, అది ఆతని కట్టడమునకును ఆతని సొంత సామానునకును వర్తించునే కాని, అద్దెకున్నవాని మంచమునకు గాని కుట్టుమిషనుకు గాని దమ్మిడీ రాదు. ఈ భేద మెరుగని చదువరులు సయితము కలరు.

భారత్ గృహ రక్ష యను పాలసీని అగ్ని భీమా వ్యాపారము చేయు సాధారణ భీమా కంపెనీలన్నియు 2021 ఏప్రిలు 1వ తేదీ నుండి ఒకే మూల షరతులతో ఇయ్యవలసి యున్నది. ఇందు కట్టడమును విడిచి, సామానును మాత్రమే భీమా చేసికొనవచ్చును. అగ్ని, పిడుగు, భూకంపము, తుపాను, వరద, అల్లరులు మొదలగు వానివలన కలుగు నష్టము దీనిలో చేరును. దొంగతనము విషయమున జాగ్రత్త వలయును: పై యాపదలలో నొకటి సంభవించిన పిమ్మట ఏడు దినములలో జరిగిన దొంగతనమునకే పరిహార మిత్తురు. ఉత్త దొంగతనమునకు వేరుగా భీమా కావలెను. నగలకు ప్రత్యేకముగా అదనపు రక్షణ కోరవలెను. నగదు, దస్తావేజులు, మోటారు వాహనములు సామాన్యముగా చేరవు.

ఇందొక మేలు కలదు. రెండు లక్షల రూపాయల సామానును లక్షకే భీమా చేసి, నలువదివేల నష్టము పొందితి మనుకొందము. పాత పద్ధతిని సగమే, అనగా ఇరువదివేలే వచ్చును. ఈ పాలసీయందు అట్టి తగ్గింపు లేదు. భీమా మొత్తమునకు లోబడి నష్టమంతయు నిత్తురు. అట్లని మొత్తమును కావలెనని తగ్గించి వ్రాయించుట మాకు సమ్మతము కాదు. ఇల్లంతయు మునిగిననాడు లక్షకు మించి రాదు.

అద్దె మాట వేరు. 1882 నాటి ఆస్తి బదిలీ చట్టము 108వ సెక్షను ననుసరించి, అగ్నివలన గాని వరదవలన గాని యింటిలో ముఖ్యభాగము పూర్తిగా నశించినచో, విరుద్ధమైన ఒడంబడిక లేనియెడల, అద్దెకున్నవాడు కౌలును రద్దు చేసికొనవచ్చును. తన తప్పువలన జరిగినచో ఈ హక్కు లేదు.

సామాను కొన్న రసీదులను, పాలసీ నకలును పట్టణపు బీరువాలోనే దాచిన యెడల సామానుతోపాటు అవియు మునుగును. కావున ఒక్కొక్క నకలు గ్రామమున పెద్దలయొద్ద నుంచవలెను.